అమ్మిన సొమ్ము ఎవరిది?

వర్తక పెట్టుబడి సరుకును తయారుచేయదు. తయారుచేసేవానికీ కొనేవానికీ నడుమ నిలుస్తుంది. 'పెట్టుబడి' మూడవ సంపుటంలో మార్క్స్ పరిశీలించిన ఈ సంబంధం ఇంటర్నెట్ బజారులో మారిపోయిందా? అమెరికాలో రెండు సంస్థల చరిత్ర చూద్దాం.

1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ తన పి.సి.-టాక్ ప్రోగ్రాంను అందరికీ పంచి, నచ్చినవారు డబ్బు పంపవచ్చునన్నాడు. అప్పుడు ఇరువురి మధ్య దళారి లేడు. 1994లో కాలిఫోర్నియాలో కాగీ, మినెసోటాలో డిజిటల్ రివర్ వెలిశాయి. దేశదేశాల కరెన్సీలు, కార్డులు, పన్నులు ఒంటరి ప్రోగ్రామర్‌కు తలకు మించిన భారం. దానిని ఈ సంస్థలు మోశాయి. ఆ మేలు కాదనరానిది. కాని దానికొక షరతు ఉన్నది. కొన్నవాని సొమ్ము ముందుగా సంస్థ చేతికి వెళ్తుంది. కమీషన్ పోగా మిగిలినది కొంత వ్యవధి తర్వాత ప్రోగ్రామర్‌కు చేరుతుంది.

ఆ వ్యవధిలోనే ప్రమాదమంతా దాగి ఉన్నది. 2015లో డిజిటల్ రివర్‌ను సిరిస్ కాపిటల్ అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థ కొన్నది. 2016 జులై 31న కాగీ మూతపడింది. అమ్మకాల సొమ్ము అనేకులకు అందలేదు. 2024లో డిజిటల్ రివర్ అమ్మకందార్లకు చెల్లింపులు నిలిచిపోయాయి. 2025 ఆరంభంలో అదీ మూతపడింది. సరుకు అమ్ముడుపోయింది, కొన్నవాడు చెల్లించాడు. తయారుచేసినవాడు మాత్రం అప్పులవాళ్ల వరుసలో నిలబడ్డాడు.

ఇది ఒక యజమాని గుణదోషాల కథ కాదు. సాధనం కొత్తది, సంబంధం పాతది. అమ్మిన సొమ్ము దళారి ఆస్తిలో కలవకుండా విడిగా ఉండాలనే హక్కును ఉత్పత్తిదారులు ఒంటరిగా కాక, సంఘటితంగా సాధించుకోవలసి ఉన్నది.