కాగితం పూలు, కాగితం కూజా

ఎవరినైనా మెచ్చుకోవాలంటే మల్లెపువ్వంటాం, మందారమంటాం. తీసిపారెయ్యాలంటే మాత్రం "ఆ... కాగితం పువ్వు!" అంటాం. పై సోకే గాని లోపల సారం లేదని అర్థం. మన కథల్లోనూ, సినిమాల్లోనూ ఈ మాట పడని పట్నం పిల్ల లేదేమో! ఆ మాట వినబడ్డప్పుడల్లా కాగితం పువ్వు తరఫున నేనే వకాల్తా పుచ్చుకోవాలనిపిస్తూంటుంది. ఎందుకంటే దానికో చరిత్ర వుంది. అందులో చాలాభాగం మన కృష్ణ ఒడ్డునే జరిగింది.

ముందు కూజా సంగతి చూద్దాం. మనకి పువ్వు వుండే చోట్లు రెండే రెండు. ఒకటి దేవుడి పటం, రెండోది ఆడదాని జడ. కోసిన పువ్వుని నీళ్ళల్లో నిలబెట్టి చూస్తూ కూర్చోడం దొరసానుల దగ్గర నేర్చుకున్న అలవాటంటారు. ముందుగదిలో టేబులు మీద కూజా పెట్టడం మటుకు అలా వచ్చిందే కావచ్చు. కాని బెజవాడకి ఎగువన, అదే కృష్ణ ఒడ్డున, అమరావతి స్తూపం దగ్గర మన శిల్పులు సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే రాతిపలకల మీద పూలకూజాలు చెక్కారు. గుండ్రటి కుండ, దాని మూతిలోంచి పొంగి పక్కలకి వాలిన తామరపూలు, మొగ్గలు. పూర్ణఘటం అంటారు దాన్ని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో వుండేది ఆ కుండే. 2018లో తెచ్చిన కొత్త ముద్రలోనూ నడిమధ్య అదే. యింట్లో ప్రభుత్వ కాగితం ఏదైనా వుంటే తీసి చూడండి, పూలకూజా కనబడుతుంది!

రాతికూజా తరవాత బట్టమీది కూజా. గోలకొండ నవాబుల కాలంలో వాళ్ళకి సముద్రానికి వాకిలి మచిలీపట్నం. అక్కణ్ణించి పారశీక దేశానికి కలంకారీ బట్టలు ఓడలెక్కేవి. కొనేవాళ్ళ అభిరుచిని బట్టి అద్దకం. అందుకే కూజాలోంచి లేచిన పూలకొమ్మలు ఆ బట్టల మీద బాగా కనిపిస్తాయి. ఇంకో తమాషా చెప్పనా? "కాగితం", "గులాబీ", "కూజా" – ఈ మూడు మాటలూ పారశీకం నుంచి వచ్చినవే. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. అసలు అర్థంలో గులాబ్ అంటే పన్నీరన్నమాట. కాగితం గులాబీని కూజాలో పెట్టామంటే మూడు అరువు మాటలతో యిల్లు అలంకరించుకున్నట్టే.

సరే, యింటి కూజా ఎలా చేసేవారు? మీ అత్తగారినో అమ్మమ్మనో అడిగి చూడండి. మెంతులు నానబెట్టి పాత కాగితాలతో రుబ్బి తట్టలు చేసిన చేతులు ప్రతి వూళ్ళోనూ వుండేవి. పేపర్లు చించి మూడు నాలుగు రోజులు నాననిచ్చి, నీళ్ళు మారుస్తూ, ఆఖర్న పిండి, నానిన మెంతులు చేర్చి రోట్లో మెత్తగా రుబ్బడం. మెంతులు జిగురిస్తాయి, ఆ చేదుకి పురుగు జంకుతుంది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి బెజవాడలోనే అచ్చవడం మొదలెట్టాక మన జిల్లాలో పాత పేపర్లకి కరువేముంది! తట్టయితే గిన్నె బోర్లించి పైన మెత్తితే చాలు. కూజాకే చిక్కు. చెంబు మీద మెత్తితే ఆరాక లోపలి చెంబు బయటికి రాదు కదా, మెడ సన్నం. అందుకని కాస్త గట్టిపడుతుండగా కత్తితో నిలువునా రెండు చెక్కలు కోసి, చెంబు తీసేసి, మళ్ళీ అతికి, అతుకు మీద కాగితం పట్టీ వేసేవారు. పైన సుద్దపూత, ఆపైన రంగు. కాగితం కూజా తేలిక, పంకా గాలికే పడిపోతుంది. అడుగున గుప్పెడు కృష్ణ ఇసక పోస్తే నిలబడుతుంది.

పూలకి ముడతల కాగితం. కాడకి మన కోనసీమకీ, దివిసీమకీ కొదవ లేని కొబ్బరి చీపురుపుల్ల. జిగురుకి ఉడికించిన మైదా, లేదా తుమ్మబంక. రేకు అంచుని బొటనవేలితో సాగదీస్తే గులాబీ రేకులా వెనక్కి వొంగుతుంది. ఆ వొంపే అసలు పనితనం. వర్షాకాలం మన డెల్టా చెమ్మకి ముడతల కాగితం రంగు దిగి చేతులకంటుకునేది. అందుకని కొందరు కొవ్వొత్తి మైనం కరిగించి పువ్వుని ఓసారి ముంచి తీసేవారు.

ఇవన్నీ నేను చూసింది మా చిన్నమ్మమ్మ దగ్గర. బాల్యవివాహాలు కూడదని శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చింది. వస్తేనేం? యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం చెల్లదు. మనవాళ్ళు బళ్ళు కట్టుకుని పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ మూడుముళ్ళూ వేయించి తెచ్చేవారు. అలా వెళ్ళిన వాళ్ళల్లో మా చిన్నమ్మమ్మ ఒకర్తె. అప్పటికి తొమ్మిదేళ్ళు. పధ్నాలుగో ఏట పసుపు కుంకుమలు పోయాయి. వాటితోపాటు పువ్వులూ పోయాయి. పెరట్లో విరజాజి విరగబూసినా మాల కట్టడానికి కూడా ఆవిణ్ణి పిలిచేవారు కాదు.

కాని కాగితం పువ్వు శాస్త్రానికి పువ్వు కాదు. పూజకి పనికిరాదు, పేరంటానికి పనికిరాదు, జడలో తురుముకుంటే నవ్వుతారు. పనికిరానిదానికి నిషేధం మాత్రం ఎవరు పెడతారు? పట్టించుకోకుండా వదిలేసిన ఆ సందులోంచే ఆవిడ పూలని అందుకుంది. సంక్రాంతి బొమ్మలకొలువులో కొండపల్లి బొమ్మల వెనకాల నిలబెట్టే పూలకొమ్మలన్నీ ఆవిడ చేసినవే. పేరంటాళ్ళు వొచ్చి "ఎంత బాగున్నాయండీ, ఎవరు చేశారూ?" అని అడిగేవారు. చేసిన మనిషి వంటింట్లో శనగలు తాలింపు వేస్తూండేది. పూలు ముందుగదిలో, ఆవిడ వెనకింట్లో.

ఇది మన ఆచారాల గొడవే అనుకున్నాను చాలాకాలం. తరవాత మేరీ డిలేనీ గురించి చదివాను. 1700లో పుట్టిన ఇంగ్లీషావిడ. పదిహేడేళ్ళ పిల్లని దగ్గర దగ్గర అరవయ్యేళ్ళ పెద్దమనిషికిచ్చి కట్టబెట్టారు. (అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు అన్ని దేశాల్లోనూ వుంటారు కాబోలు!) ఏడేళ్ళకి ఆయన పోయాడు. చాన్నాళ్ళకి తన యిష్టప్రకారం ఓ మతగురువుని చేసుకుంది. 1768లో ఆయనా పోయాడు. దుఃఖం తేరుకుని డెబ్భై రెండో ఏట కత్తెర పట్టుకుంది. రంగు కాగితాలు వెంట్రుకవాసి ముక్కలుగా కత్తిరించి, నల్ల కాగితం మీద అతికి, ఎదుటనున్న పువ్వుని ఉన్నదున్నట్టు చేసేది. ఒక్కో పువ్వుకి వందల ముక్కలు. పదేళ్ళల్లో 985 పూలు! 1782లో చూపు ఆనక మానేసింది. 1897లో, అంటే మన కన్యాశుల్కం అచ్చయిన ఏడే, ఆ పూలన్నీ బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

అదే మ్యూజియంలో మన అమరావతి రాళ్ళూ వున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ దొర తవ్వించి మద్రాసు పంపితే, 1859లో అక్కణ్ణించి లండను వెళ్ళాయి. పూర్ణఘటాలు చెక్కిన పలకలు అందులో వున్నాయి. మన రాతికూజా, విధవరాలి కాగితం పూలు ఒకే కప్పు కింద! కాగితానికి వెలుతురు పడదు గనక ఆ పూలని ఎప్పుడో గాని బయట పెట్టరు.

మన కాగితం పూలకి మ్యూజియం యోగం పట్టలేదు. హాంకాంగులో 1950లో లీ కా-షింగ్ అనే ఆయన ప్లాస్టిక్ కార్ఖానా పెట్టి, ప్లాస్టిక్ పూలతో కోట్లకి పడగెత్తాడు. ఆ సరుకు మన బజార్లకీ వచ్చింది. సబ్బునీళ్ళల్లో ఉతుక్కోవచ్చు, రంగు దిగదు. ముడతల కాగితం బడి పిల్లల వార్షికోత్సవాలకి మిగిలింది.

మా చిన్నమ్మమ్మకీ ఆఖర్న శుక్లాలు వచ్చాయి. చేతికి అలవాటు గనక రేకు వొంపు ఎక్కడా తప్పేది కాదు, రంగులే తెలిసేవి కావు. ఆకుపచ్చ గులాబీలకి ఎర్రటి ఆకులు తొడిగి యిచ్చేది. మా అమ్మ వాటిని అలాగే కూజాలో సర్ది, ముందుగదిలో రేడియో మీద పెట్టింది. ఎవరైనా నవ్వితే, "అవి మా పిన్ని పెరట్లో పూస్తాయి" అనేది.