బందరు అద్దకం ఎవరి కోసం, అందులో ఎరుపు ఎవరిది

ఈమధ్య మన పిల్లల్లో డిజైన్ కోర్సుల్లో చేరినవాళ్లు, కెమెరా పట్టినవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు బాగానే కనిపిస్తున్నారు. వాళ్లకి ఎక్కడికి పోయినా ఒకటే మాట చెప్తున్నారంట. ముందు నీ నీష్ ఏంటో తేల్చుకో, నీ టార్గెట్ ఆడియెన్స్ ఎవరో తెలుసుకో అని. మాట మంచిదే. కాకపోతే అదేదో నిన్నగాక మొన్న పుట్టిన విద్య అన్నట్టు చెప్తేనే మాకు నవ్వొస్తుంది. మన బందరు వైపు అద్దకం పనివాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే ఆ లెక్కలో పనిచేశారు. ఆ చరిత్ర తిరగేస్తుంటే మనవాళ్ల జాడ కూడా ఒకచోట దొరికింది. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. కలంకారీ అనేది ఫార్సీ మాట, కలంతో చేసే పని అని అర్థం. నిజానికి కలంతో గీసే పనికి పేరు శ్రీకాళహస్తిది. మచిలీపట్నం, పెడనల్లో ఎక్కువగా టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. మన నోట అది అద్దకమే. అయినా లోకంలో నిలిచింది మాత్రం కొన్నవాళ్ల భాషలోని పేరు.

కొన్నవాళ్లలో పెద్ద చెయ్యి ఇరాన్‌ది. మచిలీపట్నం గోల్కొండ కుతుబ్ షాహీల ఓడరేవు, ఆ దర్బారులో ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. 1630ల్లో ఇక్కడ హవల్దారుగా ఉండి, సొంత ఓడలు నడిపి, తర్వాత గోల్కొండలో చక్రం తిప్పిన మీర్ జుమ్లా ఇరాన్‌లోనే పుట్టాడు. ఇక్కడి ఓడలు బందర్ అబ్బాస్‌కి పోయేవి. (బందర్ అంటే రేవు. మన బందరూ అదే మాట.) ఆ ఓడల్లో వెళ్లే గుడ్డ మీద ఏముండాలో ఇక్కడి పనివాళ్లకి తెలుసు. నమాజు గుడ్డ అయితే మసీదు కమాను, సైప్రస్ చెట్టు. అన్నాల దగ్గర పరిచే సుఫ్రా అయితే చుట్టూ అంచు, సన్న పూలు. సయాం రాజదర్బారుకి పంపేది ఇంకో రకం. ఇండోనేషియా దీవులకైతే అంచున త్రిభుజాల వరస, ఎందుకంటే అక్కడ ఆ గుడ్డ తరతరాలుగా దాచుకుని శుభానికీ అశుభానికీ బయటికి తీసే ఆస్తి.

1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగింది మొదట ఈ దీవుల బేరం కోసమే. అక్కడ మిరియాలూ లవంగాలూ కొనాలంటే వెండి కంటే కోరమాండల్ గుడ్డ బాగా చెల్లేది. యూరప్ గిరాకీ ఆ తర్వాత మొదలైంది. 1643లో లండన్ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకి ఒక ఉత్తరం రాశారు. పరుపుల మీద ఎర్ర నేపథ్యం మావాళ్లందరికీ నచ్చట్లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచి మధ్యలో రంగుల పూలు వేయించండి అని దాని సారాంశం. ఇవాళ క్లయింటు వాట్సాప్‌లో పంపే ఫీడ్‌బ్యాక్‌కీ దానికీ ఏం తేడా ఉంది చెప్పండి!

తర్వాత ఆ గిరాకీయే ఎదురుతిరిగింది. తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్, 1700లో ఇంగ్లండ్ మన రంగు గుడ్డల మీద నిషేధం పెట్టాయి. 1721లో ఇంగ్లండ్ ఇంకా బిగించింది. అయినా మచిలీపట్నం అచ్చులు మూలన పడలేదు, ఇరాన్ కొంటూనే ఉంది కాబట్టి. 1864 నవంబరు 1 తుఫానులో ఉప్పెన వచ్చి ముప్పై వేల మంది దాకా పోయిన తర్వాత కూడా ఆ పని బతికింది. 20వ శతాబ్దంలో ఇరాన్ బేరం కూడా పడిపోయాకే అచ్చులు నిజంగా మూలకి చేరాయి. చాలా పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్లే మన అద్దకాన్ని చంపారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మాకు అది సగం కథ అనిపిస్తుంది. ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడిన రోజు నుంచే ప్రమాదం మొదలైంది.

ఇంక ఎరుపు దగ్గరికి వద్దాం. ఇన్ని దేశాలవాళ్లు ఎగబడింది ఉతికినా పోని ఆ ఎరుపు కోసం. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పటిక నీళ్లు అద్దుతారు. తర్వాత వేరుతో కలిపి కాగబెడితే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఆ వేరే చిరువేరు. గవ్వలూ గుల్లలూ కలిసిన సముద్రపు ఇసుకలో పెరిగిన వేరుకి రంగెక్కువ. సాగు చేసిన దానికన్నా అడవి వేరు పొట్టిగా ఉంటుంది, కానీ రంగు దానిలోనే ఎక్కువ.

ఆ అడవి వేరు తవ్విందెవరు? 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్‌లో యానాదులు తెచ్చే అడవి సరుకు జాబితా ఒకటి ఉంది. తేనె, కుంకుడుకాయ, తంగేడు, సుగంధిపాల, వీటితోపాటు చిరువేరు. 1835లో కంపెనీ సర్కారు చేతికొచ్చిన శ్రీహరికోటలో మనవాళ్ల బతుకు ఈ సరుకు మీదే. తమాషా ఏంటంటే ఆ జాబితాలో చిరువేరు ఇంగ్లీషు పేరు తప్పు పడి, చుట్ట అని అర్థమొచ్చే మాట అచ్చయింది. 1909లో థర్‌స్టన్ తన పుస్తకంలో ఈ అచ్చుతప్పుని సరదాగా ఎత్తిచూపాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. వేరు తవ్వినవాళ్ల పేర్లు ఎలాగూ రాయలేదు, వేరు పేరైనా సరిగ్గా రాయలేకపోయారు.

శ్రీహరికోట మన జిల్లా కాదు, నిజమే. కానీ తీరం ఒకటే, ఇసుక ఒకటే, దివిసీమ యానాదులకీ నెల్లూరు యానాదులకీ తెగ ఒకటే. ఇరాన్ వాళ్లకి ఏం నచ్చుతుందో అద్దేవాడికి చేరేది, మధ్యలో అడ్వాన్సు ఇచ్చే షావుకారు నోటి నుంచి. తవ్వేవాడికి అదీ చేరేది కాదు. 1869లో జర్మనీ వాళ్లు చిరువేరులోని ఎరుపుని ప్రయోగశాలలో తయారుచేసి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత ఇసుకలో వేరు ధర ఎందుకు పడిపోయిందో తవ్వేవాడికి చెప్పినవాళ్లెవరు?

కాబట్టి చదువుకుంటున్న మన పిల్లలకి మేం చెప్పేది, టార్గెట్ ఆడియెన్స్ ఎవరని అడిగినప్పుడు రెండో ప్రశ్న కూడా వేయమని. వాళ్లకీ నాకూ మధ్యలో ఎవరున్నారు? వాళ్ల మాట నాకు నేరుగా వస్తోందా, వడకట్టి వస్తోందా? గుడివాడ షాపులో కలంకారీ అని చెప్పి అమ్మే చీరని ఒకసారి దగ్గరగా చూడండి. అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర చిన్న తేడా ఉంటే అది చేతి పని. ఎక్కడా తేడా లేకపోతే స్క్రీన్ ప్రింటు. పెడన పనికి జీఐ గుర్తింపు వచ్చినా, ఆ తేడా కొనేవాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. చేతిలో కెమెరా ఉన్న మన తమ్ముడికో చెల్లికో అక్కడే ఒక పని దొరుకుతుందేమో.

నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు మనవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఇసుకలో దొరికే ఎర్ర వేరుని వాళ్లు ఏ పేరుతో పిలిచేవాళ్లు, ఏ నెలలో తవ్వేవాళ్లు, ఎవరికి అమ్మేవాళ్లు? వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే, ఆ యాసలోనే రాసి పంపండి.