వోమే వెళ్లిన రేడియోవాళ్లు

గినీ పడమటి ఆఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉన్న ముల్క్. అవామ్‌లో ఎక్కువమంది ముస్లింలే. 1958లో ఫ్రాన్స్ నుంచి దేశానికి ఆజాదీ వచ్చింది గానీ రేడియోకి రాలేదు. దాదాపు యాభై ఏళ్లు అక్కడ రేడియో అంటే హుకూమత్ ఆవాజే. ప్రైవేటు స్టేషన్లు మొదలైంది 2006లో. చదువొచ్చినవాళ్లు తక్కువ, పల్లెల్లో కరెంటు ఇంకా తక్కువ. కాబట్టి సెల్లులేసుకునే చిన్న రేడియోనే ఊరికి అఖ్బార్. మౌత్ ఖబర్లు, సంత సంగతులు, పిల్లలకు టీకాలేసే తేదీలు, అన్నీ అందులోనే. స్టూడియోలో కూర్చుని జనం జుబాన్‌లో ఆ ఖబర్లు చెప్పే జర్నలిస్టు మొహం తెలియకపోయినా ఆవాజ్ అందరికీ తెలుసు.

2013 డిసెంబర్‌లో గినీ అడవి ఇలాకాలోని మెలియాందూ అనే పల్లెలో ఒక పసివాడు చనిపోయాడు. అది ఎబోలా అని తేలేసరికి 2014 మార్చి వచ్చింది. అప్పటికే బీమారీ ఊళ్లు దాటేసింది.

అప్పుడు రేడియోల్లో మొదట వినిపించిన పైగామ్ ఏంటంటే: ఎబోలా చంపుతుంది, దీనికి దవా లేదు, అడవి జంతువుల మాంసం తినొద్దు, రోగం వస్తే దవాఖానకు రండి. ఇది విన్న మామూలు మనిషి ఏమనుకుంటాడు? దవా లేనప్పుడు దవాఖానకు ఎందుకు? లోపలికి వెళ్లినవాళ్లు ప్లాస్టిక్ సంచిలో బయటికొస్తున్నారు. ఇంటివాళ్లకు మొహం కూడా చూపించడం లేదు. షక్ రాకుండా ఎట్లా ఉంటుంది!

ఆ ఇలాకాకు హుకూమత్ మీద షక్ కొత్తది కాదు. మొదటి ప్రెసిడెంట్ సెకూ తూరే జమానాలో, 1960ల చుట్టూ, అడవి జనం పవిత్రంగా దాచుకున్న మాస్కుల్ని, పూజావస్తువుల్ని సర్కారే దగ్గరుండి తగలబెట్టించింది. మూఢనమ్మకాలు పోగొడుతున్నామని చెప్పింది. ఆ జులుం చూసిన ముసలివాళ్లు 2014లో ఇంకా బతికే ఉన్నారు. ఇక 2013 జులైలో ఎన్జెరెకోరే పట్నంలో గెర్జే, కోనియాంకే కౌమ్‌ల మధ్య ఫసాద్ జరిగి ఎందరో చచ్చిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే తెల్ల సూట్లు, మాస్కులు వేసుకున్నవాళ్లు జీపుల్లో దిగారు. 2014 ఆగస్టు చివర్లో ఎన్జెరెకోరే బజార్‌లో మందు కొడితే, బీమారీ చల్లుతున్నారని పట్నమంతా తిరగబడింది.

సెప్టెంబర్ 16న అధికారులు, డాక్టర్లు, ఒక పాస్టర్, కొందరు జర్నలిస్టులు కలిసి ఎన్జెరెకోరే దగ్గరి వోమే అనే పల్లెకు ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లారు. మాటలు మొదలయ్యాక రాళ్లు పడ్డాయి. తర్వాత కత్తులు వచ్చాయి. ఒక జర్నలిస్టు పారిపోయి దాక్కుంది. తన కోసం వెతుకుతున్నవాళ్ల మాటలు ఆమెకు వినిపిస్తూనే ఉన్నాయట. రెండు రోజుల తర్వాత ఎనిమిది లాషులు దొరికాయి, ఊరి ప్రైమరీ స్కూలు మరుగుదొడ్డి గుంటలో. వాళ్లలో ముగ్గురు లోకల్ రేడియోవాళ్లు: ఫాసెలీ కమారా, మోలూ షెరీఫ్, సిదికీ సిదిబే.

ఊళ్లోకి ఫౌజ్ దిగింది, జనం అడవిలోకి పరుగెత్తారు. 2015 ఏప్రిల్‌లో అదాలత్ పదకొండు మందికి ఉమర్ ఖైద్ వేసింది.

ఆ ఖతల్‌కు మాఫీ లేదు. కానీ నా ఖయాల్‌లో, ఆ ముగ్గురూ ఆ రోజు అధికారుల జీపుల వెంట వెళ్లడంతోనే ఊరి కళ్లకు రేడియోవాళ్లు కాకుండా పోయారు. సర్కారీ ఆద్మీలైపోయారు. లోకల్ జర్నలిస్టుకు ఉండే పూంజీ అంతా ఒక్క భరోసానే. దాన్ని ఇంకొకళ్ల బండిలో ఎక్కించుకుని వెళ్తే ఏమవుతుందో ఎవరికీ తట్టలేదు. (2020లో మర్కజ్ పేరుతో మన టీవీలు ఒక బీమారీకి ఎట్లా టోపీ, దాడీ తగిలించాయో గుర్తుంది కదా. ఆ తర్వాత టెస్టుకు రమ్మంటే జంకినవాళ్లను జాహిల్ అనడం చాలా తేలిక.)

అసలు చిక్కు మయ్యత్ దగ్గర ఉంది. ఎబోలాతో పోయినవాళ్ల ఒంట్లో వైరస్ ఇంకా జోరుగా ఉంటుంది, ముట్టుకుంటే అంటుతుంది. గినీలో నూటికి 60 కేసులకు అంత్యక్రియలతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గుసుల్ మనకు ఫర్జె కిఫాయా. అమ్మ మయ్యత్‌కు నీళ్లు పోయొద్దని ఏ జీపులోంచో మైకులో చెప్తే ఏ బిడ్డ వింటుంది? ఈ సంగతి పెద్ద సంస్థలకు అర్థమయ్యేసరికి నెలలు పట్టింది. 2014 నవంబర్ 7న వచ్చిన కొత్త కాయిదాల్లో మొదటిసారి ముస్లిం, క్రైస్తవ పెద్దల సలహా కనిపిస్తుంది. గుసుల్ బదులు తయమ్ముమ్ చేయించొచ్చు, కఫన్ చుట్టొచ్చు, ఇంటివాళ్లు దూరంగా నిలబడి జనాజా నమాజ్ చదవొచ్చు అన్నారు. "వద్దు" అన్న మాట పోయి "ఇట్లా చేయండి" అన్న మాట వచ్చింది. పేషిమామ్ నోటి నుంచి వచ్చే ఈ మాట రేడియోలో జనం వినగలిగిన మాట. మార్చిలోనే అడిగి ఉంటే?

మూడు దేశాల్లో కలిపి 11,300 మందికి పైగా పోయారు, గినీలోనే 2,500 మందికి పైగా.

2021 ఫిబ్రవరిలో ఎబోలా మళ్లీ అదే ఎన్జెరెకోరే ఇలాకాలో, గూకే అనే ఊళ్లో బయటపడింది. ఈసారి చేతిలో టీకా ఉంది. ఏడేళ్ల కిందటి సంగతులు జనానికి యాద్ ఉన్నాయి. జూన్ 19న బీమారీ ఖతమ్ అని ప్రకటించారు. చనిపోయింది 12 మంది.