పుట్టుకకు అంటగట్టిన నేరం: ఎరుకల పిల్లలు, సెటిల్‌మెంట్ల చరిత్ర

పిల్లలను, యువకులను నేరం వైపు నెట్టే అవకాశమున్న పరిస్థితులను నేరశాస్త్రం ప్రమాద కారకాలని పిలుస్తుంది. పేదరికం, మధ్యలో ఆగిన చదువు, ఇంట్లో హింస, చెడు సావాసం వాటిలో ముఖ్యమైనవి. వందేళ్ళ కిందట మాత్రం తెలుగునాట పాలకులు ఈ వరుసలో పుట్టుకకే మొదటి పీట వేశారు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం, అంటే ఒక తెగను మొత్తంగా నేరస్థులని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చిన శాసనం, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది.

ఈ చట్టం కిందకు వచ్చిన ఎరుకలవారిలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బల ఎరుకల వంటి శాఖలుండేవి. కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద లోపలి ఊళ్ళకు చేర్చి ధాన్యానికి మార్చుకోవడం, బుట్టలూ తట్టలూ అల్లడం, సోది చెప్పడం వారి జీవనాధారాలు. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు ఉప్పు రవాణాను లాగేసుకుంది, 1876–78 కరువు పశువులను మింగింది, 1882 మద్రాసు అటవీ చట్టం అడవిలో వెదురుకూ మేతకూ ఆంక్షలు పెట్టింది. బతుకుతెరువు పోయి దారుల మీద తిరుగుతున్నవారిని చూసిన పోలీసులు, వారి దేశదిమ్మరితనాన్నే నేరానికి రుజువుగా తీసుకున్నారు.

బాపట్ల దగ్గర 1913–14లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో ఏర్పడి, ప్రభుత్వ కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టుకున్న స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను నిలిపి, వేలిముద్రలు, హాజరు, బయటికి వెళ్ళడానికి పాసు వంటి కట్టడులు పెట్టారు. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండనివారిని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచడానికి కూడా చట్టం అనుమతించింది. ఇదే ప్రెసిడెన్సీ 1920లో దేశంలోనే మొదటి బాలల చట్టం చేసి, నేరం చేసిన పిల్లవాడిని జైలుకు బదులు బడికి పంపాలని చెప్పింది. ఎరుకల పిల్లవాడికైతే ఇల్లు వదలడానికి నేరం చేయవలసిన పని కూడా లేకపోయింది.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న చట్టం రద్దయినా, ముద్ర వెంటనే చెరగలేదు. తండ్రి పేరు పోలీసు జాబితాలో ఉన్న పిల్లవాడికి బడిలో అనుమానం, పనిలో తిరస్కారం ఎదురైతే, ఏ కీడును అరికడతామని చట్టం చేశారో ఆ కీడుకే దారి తెరుచుకుంటుంది. 2015 బాలల న్యాయ చట్టం పిల్లలకు ముద్ర వేసే మాటలు వాడరాదనీ, సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలనీ సూత్రాలుగా పెట్టుకుంది. ప్రమాద కారకాల పట్టికలో రాజ్యం వేసే ముద్రను కూడా చేర్చాలని స్టువర్టుపురం చరిత్ర రుజువు చేస్తోంది.