బీపీ మాత్రకు రెండో కొలువు

1981 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం కాప్టోప్రిల్ అనే బీపీ మాత్రకు అనుమతి ఇచ్చింది. బ్రెజిల్‌లో ఉండే జరరాకా పాము విషాన్ని పరిశీలిస్తుండగా దొరికిన ఆధారంతో తయారైన మందు అది. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 5న, లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందని ఒక చిన్న నివేదిక వెలువడింది. ఎయిడ్స్ గురించి వైద్యలోకం రాసుకున్న మొదటి మాట అదే. ఈ రెండు సంగతులకీ అప్పట్లో ఏ చుట్టరికమూ లేదు. ఆ చుట్టరికం కలవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

ఎయిడ్స్‌కు 1987లో ఏజడ్‌టీ అనే మందు, 1996 నాటికి మూడు మందుల కలయిక వచ్చాయి. రక్తంలో ఆ జబ్బు తెచ్చే హెచ్‌ఐవీ వైరస్ కొలతకు అందనంతగా తగ్గింది, చావులు తగ్గాయి. అయినా కొందరిలో రోగాన్ని ఎదిరించే సీడీ4 టి కణాలు ఒక మెట్టు దగ్గర ఆగిపోయేవి. వైరస్ అణిగి ఉన్నా కణాలు ఎందుకు పెరగడం లేదో ఎవరికీ అంతుపట్టలేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తిమోతీ షాకర్, యాష్లీ హాస్‌ల బృందం రక్తాన్ని పక్కన పెట్టి లింఫ్ గ్రంథులను కోసి చూసింది. మన ఇళ్లలో చంకలోనో గజ్జలోనో బిళ్ల కట్టిందంటామే, ఆ బిళ్లలే. టి కణాలు బతికేదీ పెరిగేదీ ఎక్కువగా అక్కడే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల గ్రంథుల్లో కొలాజెన్ అనే ప్రొటీన్ పేరుకుని, మానిన పుండు మచ్చలా గట్టిపడి కనిపించింది. కొలాజెన్ ఎంత ఎక్కువుంటే సీడీ4 కణాలు అంత తక్కువ. 2002లో వాళ్లు ఈ సంగతి ప్రచురించారు. 2011లో అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. గ్రంథి లోపల సన్నని వల లాంటి కణజాలం ఉంటుంది. టి కణాలు బతకడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-7 వాటికి అందేది అక్కడే. కొలాజెన్ అడ్డుపడితే ఆ పోషణ అందక టి కణాలు చస్తాయి. అవి తగ్గితే వలా పాడవుతుంది. వైరస్‌ను అణిచే మందులు ఆలస్యంగా మొదలుపెడితే ఈ నష్టం పూర్తిగా పూడడం లేదని కూడా తేలింది.

కొలాజెన్ పేరుకోవడానికి పురికొల్పేది టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్. బీపీ మాత్రలకు ఇక్కడే దారి దొరికింది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ టీజీఎఫ్-బీటాను కూడా పెంచుతుంది. కాప్టోప్రిల్, లిసినోప్రిల్ ఆ యాంజియోటెన్సిన్ తయారీని తగ్గిస్తాయి. 1995లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన లోసార్టన్, దాని తర్వాత వచ్చిన టెల్మిసార్టన్ అది అతుక్కునే చోటును మూసేస్తాయి. మార్ఫాన్ జబ్బున్న ఎలుకల్లో లోసార్టన్ టీజీఎఫ్-బీటా జోరు తగ్గించి బృహద్ధమని ఉబ్బకుండా కాపాడిందని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2006లో చూపారు. చవక మాత్ర, దశాబ్దాల అనుభవం, తెలిసిన దుష్ప్రభావాలు. ఆశ పుట్టిందంటే తప్పేముంది?

అదే సంవత్సరం వెలువడిన స్మార్ట్ అధ్యయనం ఆ ఆశకు ఇంకో కారణం చేర్చింది. హెచ్‌ఐవీ మందులు మధ్యలో ఆపినవాళ్లలో ఎయిడ్స్ జబ్బులే కాదు, గుండె, మూత్రపిండాల జబ్బులూ ఎక్కువయ్యాయి. రక్తంలో ఐఎల్-6 వంటి వాపు గుర్తులు ఎక్కువున్నవాళ్లకు చావు ముప్పు కూడా ఎక్కువని రెండేళ్లకు తేలింది. ఈ వాపును బీపీ మాత్ర తగ్గించగలదా?

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో లిసినోప్రిల్‌తో చిన్న ప్రయత్నాలు జరిగాయి. టెల్మిసార్టన్‌ను 48 వారాలు వాడి, గ్రంథులనూ కొవ్వునూ ముక్క తీసి చూసిన అమెరికన్ అధ్యయనం 2018లో ఫలితం చెప్పింది: మచ్చ తగ్గడంలో, వైరస్ మందులు మాత్రమే వాడినవాళ్లకంటే టెల్మిసార్టన్ కూడా వాడినవాళ్లకు ఎక్కువ ఒరిగిందేమీ లేదు. లోసార్టన్ పరీక్ష వీటికంటే గట్టిది. జేసన్ బేకర్ బృందం హెచ్‌ఐవీ ఉన్న 108 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు 100 మిల్లీగ్రాముల లోసార్టన్, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఏడాది పాటు ఇచ్చింది. 2021లో ఫలితాలు వచ్చాయి. బీపీ తగ్గింది. ఐఎల్-6 తగ్గలేదు, సీడీ4 కణాలు పెరగలేదు.

నా మటుకు నాకు ఈ ఫలితాన్ని ఓటమి అనాలని లేదు. ఎలుకలో పనిచేసింది కదా అని, కాగితం మీద లంకెలన్నీ కుదిరాయి కదా అని వైద్యులు ఈ మాత్రను అందరికీ రాసి ఉంటే ఆ పొరపాటు బయటపడేదే కాదు. మచ్చ ముదిరాక దాన్ని కరిగించడం వేరు, పడకుండా ఆపడం వేరు. ఈ మాత్రలు చేరింది బహుశా అంతా అయ్యాకే.

పాత మాత్రకు రెండో కొలువు వెతికే పని మాత్రం ఆగలేదు. కొలెస్ట్రాల్‌కు వాడే పిటావాస్టాటిన్‌ను రిప్రీవ్ అధ్యయనంలో మన దేశంతో సహా 12 దేశాల్లో 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. ఇక్కడ లెక్కపెట్టింది రక్తంలోని గుర్తులను కాదు, గుండెపోట్లు, పక్షవాతాల వంటి పెద్ద ముప్పులను. మాత్ర వాడినవాళ్లలో అవి సుమారు 35 శాతం తగ్గాయని 2023లో వెల్లడించారు.