ఆర్థిక గణనము

ఒక దేశమునందలి కర్మాగారములను, అంగళ్లను, పూటకూళ్ల యిండ్లను, వైద్యశాలలను, బడులను, ఇంటి వసారాలలో నడచు కుటీరపరిశ్రమలను, పెద్దవియని చిన్నవియని విచక్షణ లేక, ఒక నియతకాలమున ఇల్లిల్లును తిరిగి లెక్కించి, ఒక్కొక్క సంస్థయందు పనిచేయువా రెందరో, వారిలో జీతమునకు కుదిరినవా రెందరో, ఇంటివారై యుండి జీతము లేక చేయిసాయము చేయువా రెందరో, స్త్రీ లెందరో, పురుషు లెందరో విడదీసి పట్టికల కెక్కించు రాజ్యకార్యమునకు ఆర్థిక గణనమని పేరు. జనగణనము మనుష్యుని ఇంటికడ నిలిపి అతని వృత్తి యేమని ప్రశ్నించును. ఆర్థిక గణనము వృత్తి నడచు తావునకే పోయి, అచట ఎందరు చేరి పనిచేయుదురని ప్రశ్నించును. భారతదేశమున నీ గణనము 1977, 1980, 1990, 1998, 2005, 2013, 2019 సంవత్సరములందు ఆరంభింపబడి ఏడు పర్యాయములు జరిగినది. దీని చరిత్రను తరచి చూచినచో నొక విషయము స్ఫుటముగ గోచరించును. ఎందరు పనివారున్న సంస్థ లెక్కకు రావలెనను పరిమితి ఇరువదినుండి పదికిని, పదినుండి ఒకటికిని, ఒకటినుండి సున్నకును దిగివచ్చిన క్రమమే ఈ చరిత్రకు సూత్రము. దిగివచ్చిన ప్రతి మెట్టుకడను, అంతవరకు ఏ చిట్టాయందును చేరని లక్షలాది శ్రమజీవులు ప్రభుత్వదృష్టికి వచ్చిరి.

అమెరికా సంయుక్తరాష్ట్రములందు 1810వ సంవత్సరపు జనగణనముతోపాటు వస్తూత్పత్తిని గూర్చిన లెక్కలును సేకరింపబడినవి. ఉత్పత్తి, వర్తకము, సేవలు అను వేర్వేరు శాఖల లెక్కలు 1954లో నొక్క ప్రణాళికక్రిందికి వచ్చినవి. జర్మనీదేశము 1875, 1882, 1895, 1907 సంవత్సరములందు వృత్తి వ్యాపారసంస్థలను గణించెను. జపాను రెండవ ప్రపంచయుద్ధానంతరము 1947లో సంస్థాగణన మారంభించెను. అమెరికాలో ప్రశ్నపత్రములు చిరకాలము టపాద్వారమున సంస్థలకు చేరుచుండెడివి; పనివారు లేక ఒంటరిగ వ్యాపారము చేయువారి లెక్క పన్నుల చిట్టాలనుండి తీయబడును. వ్యాపారులలో అధికసంఖ్యాకుల పేరు ఏ పన్నుచిట్టాకును ఎక్కని మనదేశమున ఆ మార్గము చెల్లదు. గణకుడు కాలినడకను గడపగడపకును పోవలసినదే.

ఈ దేశమున ఇట్టి ప్రయత్నమునకు తొలిరూపము 1911వ సంవత్సరపు జనగణనమున కన్పట్టుచున్నది. ఆ యేడు జనగణనాధికారియగు గెయిట్ దొర ఇరువదిమంది, అంతకుమించి పనివారుగల మిల్లులను, గనులను, తోటలను వేరుగ నొక పత్రమున లెక్కింపించెను. 1921లో ఆ పరిమితి పదిమందికి తగ్గింపబడినది. 1931లో ఆర్థికమాంద్యమునకు లోనైన ప్రభుత్వము వ్యయసంకోచము నిమిత్త మీ పారిశ్రామిక గణనమును పూర్తిగ విడిచిపెట్టెను. తెలుగుదేశమున వ్యవసాయము తరువాత జనులకు జీవనాధారమైనది చేనేతయే కదా. గుంటమగ్గముమీద కూర్చుండిన నేతగానికిని, ప్రక్కన కండెలు చుట్టు అతని భార్యకును, ఆసుపోయు కూతునకును ఈ లెక్కలయందు తావు లేదు. ముగ్గురు చేరి చేయుపని మిల్లు కాదు. కనుక సంస్థయు కాదని ఆనాటి నిర్ణయము.

1942లో పారిశ్రామిక గణాంకచట్టము వచ్చినది. దాని ననుసరించి 1946వ సంవత్సరమునుండి ఉత్పత్తి పరిశ్రమల గణనము ప్రతివర్షమును సాగినది. ఇదియు యంత్రశక్తితో నడచి ఇరువదిమందికి తక్కువగాని పనివారుగల కార్ఖానాలకే పరిమితము. అరువదిమూడుగ విభజింపబడిన పరిశ్రమలలో ఇరువదితొమ్మిదింటిని మాత్రమే ఇది స్పృశించెను. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము యంత్రశక్తి యున్నచోట పదిమందిని, లేనిచోట ఇరువదిమందిని హద్దుగ నిర్ణయించినది. 1959లో నారంభమైన వార్షిక పరిశ్రమల సర్వే ఆ హద్దునే స్వీకరించెను; ఆ సర్వే నేటికిని సాగుచున్నది.

లోపమెంతటిదో తెలిసివచ్చినది జాతీయాదాయమును లెక్కకట్ట బూనినప్పుడు. 1949లో ప్రభుత్వము ప్రశాంతచంద్ర మహలనోబిస్ అధ్యక్షుడుగను, డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగను జాతీయాదాయ సంఘమును నియమించెను. కార్ఖానాల ఆదాయము వారి పద్దుపుస్తకములనుండి తెలియును. కిరాణాకొట్టు, కమ్మరికొలిమి, కుమ్మరిసారె, ఒంటెద్దుబండి, మంగలి అంగడి మొదలగువాని ఆదాయము నెట్లు కట్టవలెను? ఒక్కొక్క పనివాని సగటు సంపాదనమును నమూనా పరిశీలనముచే కనుగొని, దానిని పనివారి మొత్తపుసంఖ్యచే హెచ్చవేయుట యొక్కటే ఉపాయము. ఆ మొత్తపుసంఖ్యయే లేకున్న సగటు ఎంత సూక్ష్మముగ కట్టినను ప్రయోజనము లేదు. ఈ కొరత కొంత తీర్చుటకై 1961 జనగణనపు గృహపట్టికయందు, కట్టడమును కార్ఖానాగనో పనిశాలగనో వాడుచున్నయెడల అందలి ఉత్పత్తియు పనివారి సంఖ్యయు వ్రాసికొనుటకు గడులు చేర్పబడినవి. 1971 జనగణనమునకు పూర్వము గృహములను పట్టికకెక్కించునపుడు సంస్థలకై ప్రత్యేకపత్రమే పూరింపబడినది.

తుదకు 1976లో ఆర్థిక గణన, సర్వేల పథకమును భారతప్రభుత్వ మారంభించెను. మరుసటియేట కేంద్ర గణాంకసంస్థ రాష్ట్రముల అర్థగణాంకశాఖల సహకారమున మొదటి ఆర్థిక గణనమును నిర్వహించినది. వ్యవసాయేతరమై, క్రమముగ జీతమునకు కుదిరిన పనివాడు ఒక్కడైన నున్న ప్రతి సంస్థయు లెక్కకు వచ్చినది. అట్లు సిద్ధమైన పట్టికలనుండి నమూనాలు తీసి, చిన్న పరిశ్రమలు, వర్తకము, రవాణా మొదలగువానిపై తదుపరి సంవత్సరములందు సర్వేలు జరిపిరి. పదినుండి ఒకటికి దిగుట గొప్ప మార్పే. అయినను ఆ ఒక్క కూలియును లేనివాడు బయటనే మిగిలెను.

1980లో జరిగిన రెండవ గణనము ఈ తలుపును తెరచినది. నా యభిప్రాయమున నీ చరిత్రయందు ఇంతకు మించిన ఘట్టము లేదు. 1981 జనగణనమునకై ఇండ్లను పట్టికకెక్కించు సందర్భముననే దీనిని నిర్వహించి, కూలివాడున్నను లేకున్నను, వ్యవసాయసంబంధియైనను కాకున్నను, పంటసాగును తోటలసాగును మినహాయించి ప్రతి ఆర్థికకార్యమును లెక్కించిరి. పాడిపశువులను, కోళ్లను పెంచి అమ్ముట, చేపలు పట్టుట, అడవిసరకు సేకరించుట యనునవియు నిందు చేరినవి. స్వంతకుటుంబపు వాడుకకు మాత్రమే చేసికొను పని లెక్కకు రాదు. కొంతయైన అమ్మకమునకో బదులుకో చేసినచో వచ్చును. కూలివాడు లేక ఇంటివారే నడపుకొను సంస్థకు స్వయంనిర్వాహక సంస్థ యను ప్రత్యేకవర్గ మేర్పడినది. 1980లో అస్సాము రాష్ట్రమున ఆందోళనలవలన గణనము జరుగలేదు. తక్కిన దేశమున సుమారు 1.8 కోట్ల సంస్థలు, వానియందు అయిదుకోట్లకు పైబడిన పనివారు తేలిరి.

లెక్కింపవలెనని నిశ్చయించుట ఒకయెత్తు, లెక్కించుట మరొకయెత్తు. జనగణనమునకై విభజించిన ఖండములనే గణకులకు పంచుదురు. గణకుడు సాధారణముగ బడిపంతులో, గ్రామోద్యోగియో, ఇటీవలికాలమున అంగన్‌వాడీ కార్యకర్తయో యగును. అతడు ప్రతి కట్టడమునకును సంఖ్యవేసి, అది నివాసమా, అంగడియా, రెండునుగూడనా యని విచారించి, సంస్థ కనబడినచో దాని ముఖ్యవ్యాపారమును, యజమాని వివరములను, మామూలుగ పనిచేయువారి సంఖ్యను వ్రాసికొనును. కట్టడమున్న సంస్థను గుర్తించుట సులభము. తలపై గంపతో కూరలమ్ము స్త్రీని, తోపుడుబండిపై పండ్లు పెట్టుకొని తిరుగువానిని ఎచట లెక్కింపవలెను? వీథిలో లెక్కించిన ఒకడే రెండుచోట్ల రెండుమారులు లెక్కకు వచ్చు ప్రమాదమున్నందున అట్టివారిని వారి నివాసమునందే లెక్కించు నియమమును పాటించిరి. దానివలన లెక్క రెట్టింపు కాకుండెను గాని, పట్టణమధ్యమున సాయంకాలము క్రిక్కిరిసియుండు సంతవీథి పట్టికయందు పలుచనై, ఊరిబయటి పేటలు వ్యాపారకేంద్రములుగ కనబడెను. పట్టికలు చదువువా రీ విషయమును మరువరాదు.

దీనికంటె జటిలమైనది ఇంటిలోని స్త్రీల పని. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకు తునికాకును, పొగాకును కార్ఖానావారు పంపుదురు. చుట్టిన బీడీలను లెక్కించుకొని వేయింటి కింతయని కూలి యిత్తురు. ఇంటి అరుగుమీద కూర్చుండి పనిచేయునపుడు ఆమె యిల్లొక సంస్థగ నెంచబడును. నిజమునకు ఆమెకు అమ్మకమునందు గాని ధరయందు గాని స్వాతంత్ర్యము లేదు. ఆమెను సంస్థాధిపతిగ పట్టిక కెక్కించుట సంఖ్యకు సరిపోవునేమో గాని సత్యమునకు సరిపోదు. నేతయిండ్లలో లోప మింకొకరీతిది. గణకు డడిగిన ప్రశ్నకు ఇంటి పెద్ద తన పేరును, కుమారుని పేరును చెప్పి యూరకుండును. నూలు తోడి, కండెలు చుట్టి, అచ్చులతుకు స్త్రీల పనిని, అది లేనిదే మగ్గమాడదని యెరిగియు, ఇంటిపనిలో భాగముగ నెంచుట పరిపాటి. గణకుడు మరల గ్రుచ్చి యడిగిననే గాని వారు లెక్కకు రారు. గణకుల శిక్షణమున ఈ రెండవ ప్రశ్నకు ముఖ్యస్థానము దొరకవలెనని నేను దృఢముగ నమ్ముదును.

మూడవ గణనము 1990లో నిట్లే జనగణనపు గృహపట్టికతో కలిసి జరిగినది. జమ్మూ కాశ్మీరమున ఆ దశాబ్దమున జనగణనమే లేనందున అది మినహాయింపబడినది. సంస్థలు సుమారు రెండున్నరకోట్లకును, పనివారు ఏడుకోట్లకు పైకిని పెరిగిరి. జనగణనముతో జోడించుటవలన వ్యయము తగ్గునుగాని, ఇండ్లమీదనే దృష్టి నిలిపిన గణకునకు సంస్థలు రెండవవిషయమైపోవును. అందుచే 1998లో నాల్గవ గణనమును స్వతంత్రముగ జరిపిరి. సంస్థలు 3.03 కోట్లు, పనివారు 8.33 కోట్లు తేలిరి.

2000లో సి. రంగరాజన్ అధ్యక్షుడుగ జాతీయ గణాంకసంఘము నియమింపబడినది. ఆకాలమున నాయన ఆంధ్రప్రదేశ్ గవర్నరు పదవియం దుండెను. దేశపు గణాంకవ్యవస్థను సమగ్రముగ పరిశీలించి ఆ సంఘము 2001లో సమర్పించిన నివేదికయే తరువాతి సంస్కరణములకు మూలమైనది. 2005లోని అయిదవ గణనమున చేతివ్రాతను యంత్రముచే చదివించు పద్ధతి ప్రవేశించెను. పదిమందికి తక్కువకాని పనివారుగల సంస్థల చిరునామాలతో ఒక సూచికయు సిద్ధమయ్యెను. 4.18 కోట్ల సంస్థలు, 10.09 కోట్ల పనివారు లెక్కకు వచ్చిరి. తమిళనాడు, మహారాష్ట్రము, పశ్చిమబెంగాలు, ఉత్తరప్రదేశము, ఆంధ్రప్రదేశము అను అయిదు రాష్ట్రములే దేశపు సంస్థలలో ఇంచుమించు సగము కలిగియుండెను.

ఆరవ గణనము 2013 జనవరినుండి 2014 ఏప్రిలువరకు జరిగినది. తెలుగువారి విషయమున నిదొక సంధికాలపు లెక్క. ఇల్లిల్లును తిరిగిన కాలమున రాష్ట్ర మొక్కటియే, ఫలితములు వెలువడునాటికి తెలంగాణము వేరు రాష్ట్రము. చేనేత, హస్తకళల సంస్థలను మొదటిసారిగ వేరుగ గుర్తించిరి. దేశమున 5.85 కోట్ల సంస్థలు, 13.13 కోట్ల పనివారు తేలిరి. వానిలో నూటికి డెబ్బదిరెండు కూలివాడు లేక నడచునవి. నూటికి ముప్పదియారు ఇంటిలోపలనే యున్నవి. పదునెనిమిది స్థిరమైన కట్టడమే లేనివి. పనివారిలో నలుగురి కొకరు స్త్రీ. పంటసాగుతోపాటు ప్రభుత్వపాలనము, రక్షణశాఖయు నీ లెక్కలో చేరలేదు.

ఈ సంఖ్యలను వరుసగ పేర్చినచో మరియొక విషయము బయల్పడును. సగటున ఒక్కొక్క సంస్థయందలి పనివారు 1998లో 2.7, 2005లో 2.4, 2013లో 2.2. 2005, 2013 నడుమ సంస్థలు పెరిగినంత వేగముగ పనివారు పెరుగలేదు. సంస్థలు వృద్ధిచెందుట యనగా ఉద్యోగములు వృద్ధిచెందుట యని సామాన్యముగ తలంతుము. ఇచట పెరిగినది ఒంటరి వ్యాపారుల సంఖ్య. ఇది ఉత్సాహముచే నంగడి పెట్టినవారి లెక్కయో, జీతపుకొలువు దొరకక నంగడి పెట్టినవారి లెక్కయో గణనమొక్కటే తేల్చజాలదు. కాని విధాననిర్ణేతలు ఆ ప్రశ్నను తప్పక వేసికొనవలసిన స్థితిని మాత్రము కల్పించినది.

ఏడవ గణనము 2019 జూలైలో త్రిపురరాష్ట్రమున నారంభమయ్యెను. ఈసారి రాష్ట్రముల గణాంకశాఖలచే గాక, గ్రామములందలి కామన్ సర్వీస్ సెంటర్ల వ్యవస్థద్వారమున గణకులను నియమించి, కాగితమునకు బదులు మొబైల్ ఫోనులో వివరములు నింపించిరి. పశ్చిమబెంగా లిందు పాల్గొనలేదు. కోవిడ్ మహమ్మారి వలన పని ఆగియాగి సాగి 2021లో ముగిసెను. సమకూడిన వివరముల నాణ్యతనుగూర్చి సందేహములు పుట్టి, రాష్ట్రముల ఆమోదము పూర్తిగ లభింపక, జాతీయఫలితములు ప్రకటింపబడలేదు. 1977నుండి స్థానికశాఖల యనుభవముపై నిర్మించుకొనిన పద్ధతిని ఒక్కసారిగ మార్చుట ఎంత నష్టకారియో దీనివలన తెలియుచున్నది. పన్నుల చిట్టాలచే ఈ కొరత తీరునని కొందరందురు. వస్తుసేవాపన్నునకు సాధారణముగ సరకులవ్యాపారమున నలుబది లక్షల, సేవలయందు ఇరువది లక్షల రూపాయల వార్షికవ్యాపారము దాటినవారే నమోదు కావలసియున్నందున, పైని చెప్పిన ఒంటరి సంస్థలలో అత్యధికభాగ మా చిట్టాలకు వెలుపలనే యున్నది. 2021-22నుండి జరుగుచున్న అసంఘటితరంగ సంస్థల వార్షికసర్వేకు సహిత మొక విశ్వసనీయమైన మూలపట్టిక కావలసియున్నది. 2027 జనగణనానంతరము ఎనిమిదవ ఆర్థిక గణనమును జరుపుటకు కేంద్రగణాంకశాఖ సంకల్పించినది.