సముద్రం దాటొచ్చిన కారుకు జమానత్ ఎవరు?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్లిన ఖాన్దాన్‌లలో అక్కడి పసుపురంగు రోల్స్ రాయ్స్ ముందు ఫోటో దిగనివాళ్లు తక్కువ. ఆరో నిజామ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ విలాయత్‌లో ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న కారు అది. 1911లో ఆయన ఇంతఖాల్ అయ్యాక గానీ హైదరాబాద్ చేరలేదు. ఆ జమానాలో పరాయి ముల్క్ నుంచి కారు తెప్పించుకోవాలంటే సవాళ్లు రెండే. ఖీమత్ కట్టే తాహతు ఉందా? ఓడలో జాగా ఉందా? గుద్దుకుంటే లోపల కూర్చున్నవాడి జాన్ ఏమవుతుందని అడిగి, సబూత్ చూపించమనే హుకూమత్ లేదు.

ఇవాళ ఆ సవాల్ రేవులోనే ఎదురవుతుంది. కారు ఎంత ఖరీదైనదైనా, దిగే ముల్క్ ఖానూన్‌కు సరిపోతేనే రోడ్డెక్కాలి. ఈ మార్పు వెనక పెద్ద తారీఖ్ ఉంది. అందులో జాన్ గురించిన ఫికర్ ఉంది, తిజారత్ మతలబ్ కూడా ఉంది. రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో తెలుసుకోవడం మనకూ అవసరమే. మన పిల్లలు కొందరు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. మన అన్నదమ్ములు దుబాయిలో, రియాద్‌లో సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నారు. ఆ కార్లలో తిరిగేది మన ఇళ్లవాళ్లే.

ఖసూర్ ఒక్క డ్రైవర్‌దేనా?

అరవయ్యేళ్ల కిందటి వరకు అమెరికాలో ఒకే మాట చెల్లేది: యాక్సిడెంట్ అయితే ఖసూర్ డ్రైవర్‌దే. 1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ వకీల్ ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అనే కితాబు రాసి ఆ మాటను తిరగేశాడు. డ్రైవర్ తప్పు చేయొచ్చు, కానీ ఆ తప్పుకు మౌతే సజా కానక్కర్లేదు కదా అన్నది ఆయన వాదన సారాంశం. స్టీరింగ్ కడ్డీ ఛాతీలో దిగబడకుండా, తలుపు ఊడి మనిషి బయట పడకుండా కారును తయారు చేసే బాధ్యత కంపెనీదే అన్నాడు.

మరుసటి ఏడాది, 1966 సెప్టెంబర్ 9న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ మోటారు వాహనాల భద్రత ఖానూన్ మీద దస్తఖత్ చేశాడు. 1968 జనవరి 1 నుంచి చాలా నియమాలు అమల్లోకి వచ్చాయి. సీట్ బెల్టులు, లైట్లు, అద్దాలు, బ్రేకులు, పెట్రోలు ట్యాంకు, ఇలా ఒక్కోదానికి ఒక్కో నంబరుతో కొలతలు పెట్టారు. 1970లో వీటిని చూసుకోవడానికి నిట్సా అనే ప్రత్యేక మహక్మా ఏర్పడింది.

ఇక్కడే ఒక పెద్ద ఫర్క్ పుట్టింది. అమెరికా పద్ధతిలో కారు నియమాలకు సరిపోయిందని కంపెనీయే తన జిమ్మేదారీ మీద చెబుతుంది. అబద్ధమని తేలితే తర్వాత హుకూమత్ పట్టుకుంటుంది. యూరప్ పద్ధతి వేరు. అక్కడ అమ్మకానికి ముందే సర్కారీ పరీక్ష, సర్కారీ ఇజాజత్. 1958లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక ముల్క్ ఇచ్చిన ఇజాజత్‌ను ఒప్పందంలోని మిగతా ముల్క్‌లు కూడా ఒప్పుకుంటాయి. కారు అద్దం మీద, హెడ్‌లైట్ మీద గుండ్రటి గీత మధ్య ‘ఈ’ అక్షరం, పక్కన ఒక నంబరు కనిపిస్తాయే, అది ఆ ఒప్పందం ముద్రే. అమెరికా ఈ ఒప్పందంలో చేరలేదు. దాంతో జర్మనీలో ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు కార్లు, ఒకటి యూరప్‌కు, ఒకటి అమెరికాకు, ఖానూన్ నజర్‌లో వేర్వేరు కార్లయ్యాయి.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఆ తేడాలన్నీ జిందగీ, మౌత్ తేడాలు కావు. పక్క నుంచి గుద్దినప్పుడు కాపాడే తలుపులోని ఇనుప దూలం నిజంగా జాన్ కాపాడేదే. కానీ 1983 దాకా అమెరికా ఒక్క రకం హెడ్‌లైట్లనే ఒప్పుకుంది. బల్బు, అద్దం కలిపి మూసేసిన దీపాలు అవి. యూరప్ దీపాలు చెడ్డవని కాదు, అమెరికా కొలతలో ఇమడలేదంతే.

డాలర్ బలిసిన రోజులు

1980 దశకం మొదట్లో డాలర్ ఖీమత్ విపరీతంగా పెరిగింది. 1980లో ఒక డాలర్‌కు రెండు జర్మన్ మార్కులు కూడా వచ్చేవి కావు. 1985 మొదట్లో మూడు దాటి మూడున్నరకు దగ్గరయ్యాయి. జర్మనీలో మెర్సిడెస్ కొని, ఓడలో వేసి, మార్పులు చేయించినా కూడా అమెరికా షోరూమ్ ధర కంటే తక్కువే పడేది. పైగా యూరప్‌లో దొరికే పెద్ద ఇంజిన్ ఉన్న 500 మోడల్‌ను కంపెనీ కొన్నేళ్లపాటు అమెరికాలో అమ్మలేదు. అక్కడివాళ్లకు బలం తగ్గించిన 380 దొరికేది. షౌఖీన్‌లు ఊరుకుంటారా?

ఖానూన్‌లో దర్వాజా కూడా ఉంది. నియమాలకు సరిపోని కారును ఎవరైనా తెచ్చుకోవచ్చు. కస్టమ్స్ దగ్గర జమానత్ రాసి ఇవ్వాలి. గడువులోగా కారును మార్పించి సబూత్ పంపాలి. పంపకపోతే కారు వెనక్కి పోవాలి, లేదా జమానత్ సొమ్ము పోతుంది. పొగ విషయంలో ఇంకా వెసులుబాటు ఉండేది. అయిదేళ్లు దాటిన కారును సొంత వాడకానికి ఒక మనిషి జిందగీలో ఒకసారి మాఫీ మీద తెచ్చుకోవచ్చు.

ఆ దర్వాజాలోంచి వరద వచ్చింది. 1985 ఒక్క ఏడాదిలోనే సుమారు 66,900 కార్లు ఇలా అమెరికా చేరాయి. కంపెనీ దారిన కాదు, దొంగదారిన కూడా కాదు, రెంటికీ మధ్యలో. అందుకే దానికి ‘గ్రే మార్కెట్’ అని పేరు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్, న్యూయార్క్‌లలో ఈ కార్లను మార్చే దుకాణాలు వెలిశాయి. తలుపులు విప్పి లోపల దూలాలు వెల్డింగ్ చేయడం, బంపర్లు గట్టిపరచడం, పక్కల చిన్న దీపాలు బిగించడం, స్పీడోమీటర్‌ను కిలోమీటర్ల నుంచి మైళ్లకు మార్చడం, పొగ గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టడం వాళ్ల పని.

కొందరు ఈమాన్‌దారీతో చేశారు. కొందరు కాగితం మీదే చేశారు. సబూత్ అంటే చాలావరకు ఫారాలు, ఫోటోలు. తలుపు లోపల వెల్డింగ్ పట్టిందో లేదో ఫోటో చెప్పదు. కారు గుద్దుకున్న రోజే అసలు సంగతి బయటపడేది. 1986లో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ ఒక నివేదిక ఇచ్చింది. ఇలా వచ్చిన కార్లు భద్రత నియమాలకు, పొగ నియమాలకు సరిపోతాయన్న భరోసా ఏమీ లేదని అందులో తేల్చింది.

ఇందులో అసలు నుఖ్సాన్ ఎవరిదో గమనించండి. మొదట తెప్పించుకున్న షౌఖీన్‌కు తన కారులో ఏముందో, ఏం లేదో కొంతైనా తెలుసు. నాలుగేళ్ల తర్వాత దాన్ని చవగ్గా కొన్న రెండో ఖరీద్‌దార్‌కు ఏమీ తెలియదు. తలుపులో దూలం ఉందనే ఎతబార్ మీద బాల్‌బచ్చాలను వెనక సీట్లో కూర్చోబెట్టేది అతనే.

1988 అక్టోబర్

అలాగని ఖానూన్ మారింది కేవలం జాన్‌ల ఫికర్‌తోనే అనుకుంటే భోళాతనమే. గ్రే మార్కెట్ వల్ల మెర్సిడెస్ అమెరికా కంపెనీకీ, దాని డీలర్లకూ పెద్ద దెబ్బ తగిలింది. వాళ్లు వాషింగ్టన్‌లో గట్టిగా లాబీయింగ్ చేశారు. ఇంపోర్టు చేసేవాళ్లు కూడా ఒక సంఘం పెట్టుకుని ఎదురు నిలిచారు, కానీ తూగలేదు. 1988 అక్టోబర్ 31న కొత్త ఖానూన్ వచ్చింది. 1990 జనవరి 31 నుంచి అమలైంది.

దాని సారాంశం ఇది. ఇక మామూలు మనిషి తనంతట తాను కారు తెచ్చి మార్పించుకోలేడు. నిట్సా దగ్గర రిజిస్టరైన ఇంపోర్టరే ఆ పని చేయాలి. ఆ మోడల్ మార్చడానికి వీలైనదేనని నిట్సా ముందే ఫైసలా ఇవ్వాలి. కారు ఖీమత్‌కు ఒకటిన్నర రెట్లు జమానత్ కట్టాలి. 120 రోజుల్లో పని పూర్తి కావాలి. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు మాత్రం ఈ నియమాలేవీ వర్తించవు.

తమాషా ఏమిటంటే, అప్పటికే వరద తగ్గిపోయింది. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో అయిదు దేశాలు ఒప్పందం చేసుకున్నాక డాలర్ పడిపోయింది. ధరలో లాభం పోయాక తిజారత్ కూడా పోయింది. కొత్త ఖానూన్ మిగిలిన దారిని మూసింది. 1995 నాటికి ఏడాదికి వచ్చే కార్లు కొన్ని వందలకు దిగిపోయాయి.

ఆ 25 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. పక్కనే ఉన్న కెనడాలో అదే పని 15 ఏళ్లకే అవుతుంది. పదహారేళ్ల జపాన్ కారు టొరంటోలో జాయజ్, సరిహద్దు దాటి బఫెలోకి తెచ్చి రిజిస్టర్ చేస్తానంటే నాజాయజ్. కారూ అదే, గుద్దుకుంటే తగిలే దెబ్బా అదే.

అమీర్‌లకు కిటికీ, మామూలువాళ్లకు జప్తు

బిల్ గేట్స్ తెప్పించుకున్న పోర్షా 959 కారు ఏళ్ల తరబడి కస్టమ్స్ గోదాములో పడి ఉంది. అది ఆ నియమాల ప్రకారం గుద్ది పరీక్షించిన కారు కాదు. చివరికి 1999లో కొత్త మినహాయింపు అమల్లోకి వచ్చింది. చాలా తక్కువ సంఖ్యలో తయారై, తారీఖ్‌లోనో టెక్నాలజీలోనో విశేషమున్న కారును తెచ్చుకోవచ్చు, ఏడాదికి 2,500 మైళ్లు మించి తిప్పకూడదు. పేరు ‘షో ఆర్ డిస్‌ప్లే’. అమీర్‌లకు కిటికీ తెరుచుకుంది.

మామూలు షౌఖీన్ కథ వేరు. 2014 జూలైలో అధికారులు అమెరికాలోని వేర్వేరు రాష్ట్రాల్లో ఇళ్ల ముందు నిలిపిన సుమారు 40 పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్లను జప్తు చేశారు. 25 ఏళ్లు నిండాయని కాగితాల్లో చూపినా నిజంగా నిండలేదని ఇల్జామ్. కొన్నవాళ్లలో చాలామంది సాఫ్ నియత్‌తో పూర్తి సొమ్ము చెల్లించినవాళ్లే. ముఖద్దమా నడిచి, మరుసటి ఏడాది చాలామందికి బండ్లు తిరిగొచ్చాయి. అప్పటిదాకా వాళ్లు పడ్డ పరేషానీకి కారణం ఒకటే: కాగితం మీది తారీఖును నమ్మడం.

మన దగ్గర

అమెరికా ఖానూన్ వచ్చిన ఆ 1988 అక్టోబర్‌లోనే మన మోటారు వాహనాల చట్టానికీ రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఆ నెల 14న. 1989 జూలై 1 నుంచి అమలు. ఏ మోడల్ అయినా అమ్మే ముందు పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్ష పాసవ్వాలన్నది మన పద్ధతి. ఈ విషయంలో మనం యూరప్ దారిలో ఉన్నాం.

పరాయి ముల్క్‌లో వాడిన కారును ఇక్కడికి తేవడానికి పెట్టిన షరతులు చూడండి. కారు వయసు మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇంకా అయిదేళ్లు రోడ్డు మీద నడిచే దమ్ముండాలి. ముంబై రేవులోనే దిగాలి. ఆపైన కారు ఖీమత్‌నే మించిపోయే పన్నులు. గల్ఫ్‌లో స్టీరింగ్ ఎడమవైపు. అందుకే ఇరవయ్యేళ్లు అక్కడ చెమటోడ్చిన కరీంనగర్, కడప మనిషి టీవీలు, దుప్పట్లు, సెంట్లు తెచ్చాడు గానీ, ముచ్చటపడి కొన్న కారును అక్కడే అమ్మేసి వచ్చాడు. 2018లో మాత్రం కంపెనీలకు ఒక వెసులుబాటు దొరికింది. అంతర్జాతీయ నియమాలకు సరిపోయే కుడి స్టీరింగ్ బండ్లను ఇక్కడ మళ్లీ పరీక్ష లేకుండానే ఏడాదికి 2,500 వరకు తెచ్చుకోవచ్చు.

ఇక్కడ నాకు గుచ్చుకునే సంగతి వేరే ఉంది. బయటి కారును ఇన్ని సవాళ్లు అడిగిన మనం, ఇంటి కారును చాలాకాలం అడగలేదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దగ్గర అమ్ముడయ్యే అయిదు చిన్న కార్ల మామూలు మోడళ్లను గుద్దించి చూసింది. పెద్దవాళ్ల హిఫాజత్‌లో అయిదుకు అయిదూ సున్నా నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ముందు మూల నుంచీ, పక్క నుంచీ గుద్ది చూసే పరీక్ష కొత్త మోడళ్లకు తప్పనిసరి అయింది 2017 అక్టోబర్‌లో, అన్ని మోడళ్లకూ 2019 అక్టోబర్‌లో. అంటే రేవు దగ్గర నిలబడ్డ ఖానూన్, ఎంత లేదన్నా కొంతకాలం, జాన్ కంటే బజారుకే ఎక్కువ కాపలా కాసింది.

కొనేవాడి చేతిలో ఏముంది?

దుబాయి, షార్జాల్లో పాత కార్లు కొనే మనవాళ్లు ‘జీసీసీ స్పెక్’, ‘అమెరికన్ స్పెక్’ అనే మాటలు వింటూనే ఉంటారు. మొదటిది గల్ఫ్ ఎండకూ, దుమ్ముకూ తగ్గట్టు తయారైన కారు. రెండోది అమెరికా కోసం తయారై ఇటు వచ్చింది. అమెరికన్ కారు కావడమే ఐబు కాదు. కానీ వాటిలో కొన్ని అక్కడ యాక్సిడెంటై, వరదలో మునిగి, ఇన్సూరెన్స్ కంపెనీలు వదిలేశాక మురమ్మత్ చేసి అమ్మినవి. పేలిపోయిన ఎయిర్ బ్యాగ్ జాగాలో కొత్తది పెట్టారా, ఉత్త మూత పెట్టారా అన్నది పెయింట్ మెరుపు చెప్పదు. నలభయ్యేళ్ల కిందట అమెరికాలో తలుపు దూలాన్ని ఫోటో చెప్పలేనట్టే.

అందుకే కొనే ముందు చాసిస్ నంబర్ చూడండి. 1981 నుంచి అమెరికాలో దీనికి 17 అక్షరాల పద్ధతి ఖాయమైంది. మొదటి అక్షరం డబ్ల్యూ అయితే జర్మనీలో, జే అయితే జపాన్‌లో, 1, 4, 5 అంకెల్లో ఏదైనా అయితే అమెరికాలో తయారైనట్టు. మన కార్లకు ఎక్కువగా ఎంఏ మొదలు ఎంఈ వరకు ఉంటుంది. అయితే తయారైన చోటు వేరు, ఏ బజారు కోసం తయారైందన్నది వేరు. కాబట్టి ఆ నంబరు మీద యాక్సిడెంట్ రికార్డు తెప్పించి చూడండి. కారుతో సంబంధం లేని మెకానిక్‌తో కింద నుంచి చూపించండి. బంధువు సిఫారిష్ చేశాడనో, మనూరివాడు అమ్ముతున్నాడనో ఈ పని మానుకోవద్దు. అమ్మేవాడికి మీ మాట మీద ఎతబార్ ఉంటే బాకీ పెడతాడేమో గానీ, బ్రేకులకు ఎవరి మాట మీదా ఎతబార్ ఉండదు.

అమెరికా హుకూమత్ 66,900 కార్లకు కాగితం మీద జమానత్ తీసుకుని, తలుపు విప్పి చూడకుండా వదిలేసింది. ఆ గఫ్లత్ ఖీమత్ రెండో ఖరీద్‌దార్ మీద పడింది. మన ఇళ్లలో కార్లు కొనేది ఎక్కువగా రెండో ఖరీద్‌దార్లే. తలుపు విప్పించి చూసే హఖ్ మనకుంది. సౌదా ఖాయం చేసే ముందే దాన్ని వాడుకోవాలి.